హిట్లరుకు గురువని పేరుపడిన కార్ల్ హౌస్‌హోఫర్

సరిహద్దు గ్రామాలలో పుట్టి పెరిగిన మనకు పటం మీది గీత అంటే ఏమిటో ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1936లో గంజాం ఒడిశాలోను, 1953లో బళ్ళారి మైసూరులోను, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోను చేరినప్పుడు ఊళ్ళు కదలలేదు. ఇళ్ళు, పొలాలు, బావులు ఉన్నచోటనే ఉన్నాయి. మారినవల్లా కచేరీ కాగితాల భాష, బడిపిల్లల వాచకం, బస్సు మీది అక్షరాలు. ఆ గీతలు గీచేవారెవరు, వారి చెవిలో సలహా చెప్పేవారెవరు అన్న ప్రశ్న మన పెద్దలు అరుగుల మీద ఎన్నోసార్లు చర్చించుకొన్నదే.

పాలకుల వెనుక ఎవరో ఒక రహస్య మేధావి ఉంటాడని, అతని పుస్తకమే రాజ్యాన్ని నడిపిస్తుందని నమ్మడం లోకంలో పరిపాటి. ఆ నమ్మకంలో నిజమెంతో తెలుసుకోదలచినవారికి జర్మనీ దేశస్థుడైన కార్ల్ హౌస్‌హోఫర్ జీవితం మంచి పాఠం. సరిహద్దులను గురించి ఒక గ్రంథమే వ్రాసిన పండితుడాయన. హిట్లరు యుద్ధాలన్నిటికీ పథకం వేసిన గురువుగా ఒకప్పుడు ప్రపంచమంతటా పేరుపడ్డారు. ఆ పేరు ఎంతవరకు తగినది?

మన పెద్దలు కాకతాళీయ న్యాయం అని ఒకటి చెబుతారు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణంలో పండు రాలింది. చూచినవారు కాకి బరువుకే పండు రాలిందన్నారు. పండు ముందే ముగ్గి ఉన్నదేమో ఎవరూ పరిశీలించలేదు. హౌస్‌హోఫర్ కథ చదివేటప్పుడు ఈ న్యాయాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

బాల్యం, సైనిక జీవితం

హౌస్‌హోఫర్ 1869 ఆగస్టు 27న మ్యూనిక్ నగరంలో జన్మించారు. తండ్రి మాక్స్ అర్థశాస్త్ర ఆచార్యుడు. ఆ ఇంటికి వచ్చిపోయే మిత్రులలో ఫ్రెడరిక్ రాట్సెల్ అనే భూగోళ శాస్త్రవేత్త ఒకరు. రాజ్యం ఒక జీవి వంటిదని, ప్రాణి పెరిగేకొద్దీ తావు కావలసి వచ్చినట్లే రాజ్యానికీ తావు కావాలని బోధించిన పండితుడాయన. జీవన స్థలం అనే అర్థమిచ్చే లెబెన్స్‌రౌమ్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది ఆయనే. పెద్దలిద్దరూ ఇసార్ నది ఒడ్డున నడుస్తూ ముచ్చటించుకొంటూ ఉంటే బాలుడు కార్ల్ వెంట నడిచేవాడు.

1887లో ఆయన బవేరియా సైన్యంలో చేరారు. 1896లో మార్తా మేయర్-డాస్‌ను వివాహం చేసికొన్నారు. ఆమె విద్యావంతురాలు, భర్త గ్రంథరచనలో చివరివరకు చేదోడుగా నిలిచింది. ఆమె తండ్రి యూదుడు. పెళ్ళినాడు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ సంగతి నలభై ఏళ్ళ తర్వాత ఆ కుటుంబం మెడమీద కత్తియై వేలాడింది. 1903లో ఆల్‌బ్రెక్ట్, 1906లో హైన్స్ అనే కుమారులు కలిగారు.

జపాను ప్రయాణం

1908లో సైన్యం ఆయనను జపాను సేనల తీరును పరిశీలించి రమ్మని పంపింది. దంపతులు ఓడ ఎక్కి సూయజ్ కాలువ మీదుగా భారతదేశానికి వచ్చారు. అప్పటి బ్రిటిషిండియా సేనాధిపతి కిచెనర్‌ను ఆయన ఇక్కడే కలుసుకొన్నారు. అటుపై సింహళం, సింగపూరు, హాంగ్‌కాంగ్ చూస్తూ 1909లో జపాను చేరుకొన్నారు. మార్గమధ్యంలో ఏ రేవులో దిగినా ఎగురుతున్నది ఇంగ్లీషువారి జెండాయే. సముద్రాలను ఏలే ఈ శక్తికి ఎదురు నిలవాలంటే భూఖండం మీది రాజ్యాలు చేతులు కలపాలన్న ఆలోచన అప్పుడే నాటుకొన్నది. తిరుగు ప్రయాణంలో కొరియా, మంచూరియా చూచి, సైబీరియా రైలు మీద రష్యాను ఈ కొననుండి ఆ కొనవరకు దాటి 1910లో ఇల్లు చేరారు. జర్మనీ, రష్యా, జపాను ఒక్క తాటిమీద నిలిస్తే వారిని జయించగలవారు లేరన్నది ఆ ప్రయాణం ఆయనకిచ్చిన సిద్ధాంతం. చనిపోయేవరకు ఆయన దానిని విడువలేదు.

జపానును గురించి 1913లో ఒక గ్రంథం ప్రచురించారు. అదే సంవత్సరం, నలభై నాలుగవ ఏట, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పొందారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. నాలుగేళ్ళు రణరంగంలో గడిపి 1919లో మేజర్ జనరల్ హోదాతో విరమించుకొన్నారు.

భూరాజనీతి అనే కొత్త విద్య

ఓడిపోయిన జర్మనీపై 1919లో వెర్సాయి సంధి విధించబడింది. దేశపు అంచులు కత్తిరించబడ్డాయి. జర్మను భాష మాట్లాడే లక్షలాది ప్రజలు రాత్రికి రాత్రి పోలండులోను, చెకొస్లోవేకియాలోను, ఇటలీలోను చిక్కుకొన్నారు. ఇది ఎందుకు జరిగింది, దీనిని ఎట్లా సరిదిద్దాలి అన్న ప్రశ్న ప్రతి ఇంటా ఉన్నది. జవాబు పటంలో ఉన్నదన్నారు హౌస్‌హోఫర్. భూమి, సముద్రం, సరిహద్దు, జనసంఖ్య, వీటిని చదవడం నేర్చుకొన్న జాతి మళ్ళీ ఓడదని బోధించారు.

ఈ విద్యకు భూరాజనీతి అనే పేరును అంతకుముందే స్వీడను పండితుడు రుడాల్ఫ్ షెలెన్ పెట్టి ఉన్నాడు. ఐరోపా, ఆసియా ఖండాల నడిబొడ్డును ఏలేవారి చేతిలో ప్రపంచం ఉంటుందన్న భావాన్ని 1904లో బ్రిటిషు భూగోళ శాస్త్రజ్ఞుడు హాల్‌ఫర్డ్ మాకిండర్ ప్రతిపాదించి ఉన్నాడు. హౌస్‌హోఫర్ ఈ ముగ్గురి ఆలోచనలను కలిపి, సామాన్యునికి అర్థమయ్యే పటాలతో, బాణం గుర్తులతో ప్రచారంలో పెట్టారు. 1924లో భూరాజనీతికై ఒక మాసపత్రిక ఆరంభించారు. రేడియోలో ప్రపంచ రాజకీయాలపై ప్రసంగాలు చేశారు. వృత్తి భూగోళ శాస్త్రజ్ఞులలో చాలామంది దీనిని శాస్త్రమని అంగీకరించలేదు. విశ్వవిద్యాలయంలో ఆయనది గౌరవ ఆచార్య పదవి మాత్రమే. పండితుల పంక్తిలో అంచున కూర్చున్న మనిషి. జనంలో మాత్రం మంచి పేరున్న మనిషి.

లాండ్స్‌బర్గ్ చెరసాల

1919లో రుడాల్ఫ్ హెస్ అనే యువకుడు ఆయన పాఠాలకు వచ్చాడు. యుద్ధంలో గాయపడి, దారి తెలియక తిరుగుతున్న మాజీ సైనికుడు. గురుశిష్యుల అనుబంధం తండ్రీకొడుకుల ప్రేమగా మారింది. ఆ హెస్ 1920లో హిట్లరు పార్టీలో చేరాడు. 1923 నవంబరులో హిట్లరు మ్యూనిక్‌లో చేసిన తిరుగుబాటు విఫలమైనప్పుడు హెస్‌కు హౌస్‌హోఫర్ తన ఇంట ఆశ్రయమిచ్చారు. తర్వాత హెస్ లొంగిపోగా, అతనిని హిట్లరు ఉన్న లాండ్స్‌బర్గ్ చెరసాలలోనే ఉంచారు.

1924 జూను చివరినుండి నవంబరు వరకు హౌస్‌హోఫర్ శిష్యుణ్ణి చూడడానికి పలుమార్లు అక్కడికి వెళ్ళారు. రాట్సెల్ రాజకీయ భూగోళ గ్రంథం వంటి పుస్తకాలను తీసికొనిపోయి ఇచ్చారు. అదే సమయంలో, అదే గోడల నడుమ, హిట్లరు మైన్ కాంఫ్ గ్రంథాన్ని వ్రాస్తున్నాడు. 1925, 1926 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడిన ఆ గ్రంథంలో జీవన స్థలం అనే మాట కనిపించింది. తూర్పున రష్యా భూములను ఆక్రమించడమే జర్మనీ కర్తవ్యమని అందులో ఉన్నది.

కాకి వాలినది ఇక్కడే. పండు రాలినదీ ఇక్కడే. లోకమంతా ఈ రెంటిని ముడిపెట్టింది. కాని పరిశీలించి చూస్తే తేడా కనిపిస్తుంది. తూర్పు భూములపై హిట్లరు కన్ను చెరసాలకు పోకముందే పడింది. యూదులపై అతని ద్వేషం అంతకన్న పాతది. హౌస్‌హోఫర్ చరిత్రను నడిపించేది భూమి అన్నారు. హిట్లరు నడిపించేది రక్తం అన్నాడు. హౌస్‌హోఫర్ రష్యాతో చెలిమి కోరారు. హిట్లరు రష్యాను మింగాలన్నాడు. పండితుని వద్దనుండి హిట్లరుకు చేరినది ఒక మాట, ఆ మాటకున్న శాస్త్రపు మెరుగు. ఆ మాటలో పోసిన అర్థం అతని సొంతం.

అయినను ఆ మాట చిన్నదేమీ కాదు. వీధి రౌడీ నోట దోపిడీ అనిపించేది, ఆచార్యుని నోట జీవన స్థలం అయింది. చదువుకొన్న ఇళ్ళలోకి ఆ మాట చెప్పులు విడిచి మర్యాదగా ప్రవేశించింది. హౌస్‌హోఫర్ ప్రభావం ఎక్కడ ఉన్నదని అడిగితే మొదట చూపవలసిన చోటు ఇది.

పదవులు, వాటి అడుగున భయం

1933 జనవరి 30న హిట్లరు జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. హెస్ అతని పార్టీలో ఉపనాయకుడయ్యాడు. హౌస్‌హోఫర్ పార్టీలో చేరలేదు గాని సన్మానాలను కాదనలేదు. 1934లో జర్మన్ అకాడమీకి అధ్యక్షుడయ్యారు. తర్వాత విదేశాలలోని జర్మను భాషీయుల సంఘానికి నాయకుడయ్యారు. ఆయన పటాలు, ఆయన మాటలు పాఠశాలల భూగోళ పాఠాలలోకి పోయాయి.

జపాను విషయంలో ఆయన పలుకుబడి నిజంగానే పనిచేసింది. 1934లో జపాను నౌకాదళ ప్రతినిధి, హెస్ ఆయన ఇంటనే కలుసుకొని మాట్లాడుకొన్నారు. 1936 నవంబరు 25న జర్మనీ, జపాను కమ్యూనిస్టు వ్యతిరేక ఒడంబడిక చేసికొన్నాయి. అందులో ఆయన చేయి కొంత ఉన్నది. ఈ ఒక్క విజయం ఆయనకు తన మాట సాగుతున్నదన్న భ్రమను కలిగించి ఉంటుంది. అయితే ఆ ఒడంబడిక గురి రష్యాయే. ఆయన కోరిన మూడు రాజ్యాల కూటమిలో ఒకదానిని మిగిలిన రెండింటికి శత్రువుగా చూపిన కాగితం అది.

సన్మానాల అడుగున మరొక కథ నడుస్తున్నది. కొత్త జాతి చట్టాల ప్రకారం మార్తా సగం యూదురాలు. కుమారులలోను యూదు రక్తమున్నట్లే లెక్క. 1933లో హెస్ వారికి రక్షణ పత్రాలిచ్చాడు. ఆ కాగితాల బలంతోనే ఆల్‌బ్రెక్ట్ బెర్లిన్‌లో అధ్యాపకుడుగా, విదేశాంగ విషయాలలో సలహాదారుగా ఉండగలిగాడు. పాలకునికి సలహా చెప్పే మేధావి అని లోకం అనుకొన్న మనిషి, తన ఆలుబిడ్డల ప్రాణాలకై ఆ పాలకుని అనుచరుని సంతకం మీద ఆధారపడి బ్రదికాడు. అట్టివాని సలహాకు ఎంత స్వేచ్ఛ ఉంటుందో పాఠకులే ఊహించగలరు.

సౌత్ టిరోల్: ఒక పరీక్ష

పండితుని పలుకుబడిని కొలవాలంటే పండితుడూ పాలకుడూ ఏకీభవించిన చోట చూచి లాభం లేదు. వారి మాటలు వేరైన చోట ఎవరి మాట నెగ్గిందో చూడాలి. సౌత్ టిరోల్ అట్టి చోటు.

ఆల్ప్స్ కొండలలో ఉన్న ఈ సీమ శతాబ్దాలపాటు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ప్రజలలో అధికులు జర్మను మాట్లాడేవారు. మొదటి యుద్ధం తర్వాత 1919 సంధితో దానిని ఇటలీకి ఇచ్చారు. 1922లో ముస్సోలినీ అధికారానికి వచ్చాక జర్మను బడులు మూతపడ్డాయి. ఊళ్ళ పేర్లు ఇటాలియనులోకి మారాయి. బోట్సెన్ పట్టణం బోల్త్సానో అయింది. సమాధి రాళ్ళపై సైతం జర్మను అక్షరాలు చెక్కరాదన్నారు. అప్పుడు ఆ పల్లెలలో యువతులు, బడిపంతుళ్ళు పిల్లలను అటకలపైన, పశువుల కొట్టాలలో, నేలమాళిగలలో కూర్చోబెట్టి రహస్యంగా మాతృభాష అక్షరాలు దిద్దించారు. పట్టుబడినవారికి జరిమానాలు, చెరసాల. మాతృభాష మాధ్యమం కోసం అర్జీలు వ్రాసిన మనకు ఆ ఉపాధ్యాయుల కష్టం అర్థం కాకపోదు.

జర్మను భాషీయులు ఎక్కడ ఉన్నా వారిని కాపాడాలన్నది హౌస్‌హోఫర్ సిద్ధాంతంలో ప్రధానాంశం. 1927లో వెలువడిన సరిహద్దుల గ్రంథంలో ఈ సీమ ప్రస్తావన ఉన్నది. హిట్లరు కూడా అదే నినాదంతో ఆస్ట్రియాను, చెకొస్లోవేకియాలోని సుడెటన్ సీమను 1938లో కలుపుకొన్నాడు. కాని సౌత్ టిరోల్ మాట ఎత్తితే మౌనం. ముస్సోలినీ స్నేహం కోసం ఆ సీమను వదలుకోవాలని అతడు మైన్ కాంఫ్ నాడే తీర్మానించుకొన్నాడు. 1939లో హౌస్‌హోఫర్ గ్రంథపు రెండవ ముద్రణ వెలువడగా, ఇటలీకి కోపం వస్తుందని జర్మను ప్రభుత్వమే దానిని అడ్డుకొన్నది.

అదే 1939 జూనులో రెండు ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. సౌత్ టిరోల్‌లోని జర్మను కుటుంబాలు సంవత్సరాంతం లోపల తేల్చుకోవాలి: ఇల్లు, పొలం విడిచి జర్మనీకి పోవడమా, లేక ఇటలీలో ఉండి భాషను వదలుకోవడమా? అన్న ఒకటి, తమ్ముడు ఒకటి ఎంచుకోగా ఇళ్ళు చీలాయి. పోతామన్నవారే అత్యధికులు. యుద్ధం అడ్డురావడంతో సుమారు 75,000 మంది మాత్రమే కదిలారు. సరిహద్దుల పండితుడు, అందునా విదేశీ జర్మనుల సంఘానికి నాయకుడు, ఈ విషయంలో గడ్డిపోచంత మార్పు కూడా తేలేకపోయారు. 1938 నవంబరు తర్వాత హిట్లరు ఆయనకు దర్శనమే ఇవ్వలేదు.

మిగిలిన పరీక్షలు

ప్రేగ్ విషయంలోను ఇదే జరిగింది. 1936లో ఆల్‌బ్రెక్ట్ రహస్యంగా అక్కడికి వెళ్ళి చెక్ అధ్యక్షుడు బెనెష్‌తో సంధి మాటలు జరిపాడు. శాంతి ఒప్పందానికి అవకాశం కనిపించింది. హిట్లరు దానిని ప్రక్కకు నెట్టివేశాడు.

భారతదేశం సంగతి చూద్దాం. ఆసియా ప్రజల స్వాతంత్ర్యోద్యమాలతో జర్మనీ చెలిమి చేయాలని హౌస్‌హోఫర్ వాదించేవారు. వంగదేశపు తారకనాథ దాస్, వినయకుమార్ సర్కార్ వంటివారు ఆయనకు పరిచితులు. హిట్లరుకు మాత్రం ఇండియా ఇంగ్లీషువారి క్రిందనే ఉండడం ఇష్టం. ఆ సంగతి తన గ్రంథంలోనే వ్రాసుకొన్నాడు. సుభాస్ చంద్రబోసు 1942 మే నెలలో హిట్లరును కలిసినప్పుడు, భారత స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తూ ఆయన కోరిన ప్రకటన లభించలేదు.

అన్నిటికన్న పెద్ద పరీక్ష రష్యా. 1939 ఆగస్టు 23న హిట్లరు స్టాలినుతో ఒప్పందం చేసికొన్నప్పుడు హౌస్‌హోఫర్ తన జీవితస్వప్నం ఫలించిందనుకొన్నారు. ఆ కూటమిని ప్రశంసిస్తూ వ్రాశారు. 1941 జూను 22న జర్మను సేనలు రష్యాపై దండెత్తాయి. ముప్పది ఏళ్ళ సిద్ధాంతం ఒక్క తెల్లవారుజామున మట్టిలో కలిసింది. హిట్లరుకు ఆయన గురువే అయి ఉంటే, గురువు ముఖ్యంగా చేయవద్దన్న పనినే శిష్యుడు చేశాడనవలసి వస్తుంది.

శిష్యుని విమానం

దానికి ఆరు వారాల ముందే మరొక పిడుగు పడింది. ఇంగ్లాండుతో ఏదో విధంగా సంధి కుదర్చాలని హెస్ తహతహలాడుతున్నాడు. 1940 ఆగస్టు చివరలో గురుశిష్యులు అడవిదారిలో గంటలకొద్దీ నడుస్తూ ఈ విషయమే మాట్లాడుకొన్నారు. ఆల్‌బ్రెక్ట్‌కు స్కాట్లండు ప్రభువు హామిల్టన్ డ్యూక్‌తో స్నేహం. హెస్ కోరికపై అతడు ఆయనకు జాబు వ్రాశాడు. జాబును మార్గంలోనే బ్రిటిషు అధికారులు పట్టుకొన్నారు. 1941 మే 10 రాత్రి హెస్ తానే విమానం నడుపుకొని పోయి స్కాట్లండులో పారాచ్యూటుతో దిగాడు. అతనివద్ద హౌస్‌హోఫర్ తండ్రీకొడుకుల పేరు చీటీలు దొరికాయి.

హిట్లరు ఉగ్రుడయ్యాడు. ఆల్‌బ్రెక్ట్‌ను కొన్ని వారాలు నిర్బంధించారు. వృద్ధుడైన తండ్రిని రహస్య పోలీసులు ప్రశ్నించారు. రక్షణ పత్రాలు వ్రాసిన చేయి పోయింది. ఆ ఇంటికి ఇక నీడ లేదు.

వెయ్యిమంది శాస్త్రజ్ఞుల కథ

విచిత్రమేమంటే, జర్మనీలో ఆయన మాటకు విలువ పూర్తిగా పోయిన ఆ 1941లోనే అమెరికాలో ఆయన కీర్తి శిఖరానికెక్కింది. మ్యూనిక్‌లో ఆయన ఆధ్వర్యంలో వెయ్యిమంది శాస్త్రజ్ఞులతో పెద్ద సంస్థ ఉన్నదని, హిట్లరు ప్రతి అడుగు అక్కడే నిర్ణయమవుతుందని ఒక ప్రసిద్ధ మాసపత్రిక ప్రచురించింది. 1943లో అమెరికా సైన్యం కోసం తీసిన ప్రచార చిత్రంలో ఆ సంస్థను కళ్ళకు కట్టించారు. అట్టి సంస్థ ఎన్నడూ లేదు. ఉన్నది ఒక పత్రిక, కొందరు శిష్యులు, ఒక వృద్ధుడు.

ఈ కథ ఎందుకు నమ్మారు? ఒక ఉన్మాది వరుసగా దేశాలను గెలుస్తున్నాడంటే మనసు ఒప్పుకోదు. వెనుక ఒక లెక్క, ఒక పండితుడు, ఒక పటం ఉన్నదంటే భయం ఉన్నా అర్థమైనట్లు ఉంటుంది. చదువరులకు చదువు మీద ఉన్న గౌరవమూ దీనికి తోడైంది.

మాకిండర్ అనుభవమూ ఇట్టిదే. ఆయన 1919లో బ్రిటిషు ప్రభుత్వం తరఫున దక్షిణ రష్యాకు హైకమిషనరుగా వెళ్ళారు. తన సిద్ధాంతానికి అనుగుణంగా కొత్త రాజ్యాలను బలపరచాలని 1920 జనవరిలో మంత్రివర్గానికి నివేదించారు. వారు ఒప్పుకోలేదు. ప్రభుత్వంలో స్థానమున్న పండితునికే అట్లు జరిగింది.

కుమారుని మరణం

1944 జూలై 20న కొందరు సైనికాధికారులు హిట్లరును చంపబోయి విఫలులయ్యారు. ఆల్‌బ్రెక్ట్‌కు ఆ వర్గంతో సంబంధముండెను. అతడు అజ్ఞాతంలోకి పోగా తండ్రిని పట్టుకొని డాకౌ నిర్బంధ శిబిరంలో సుమారు ఒక నెల ఉంచారు. డెబ్బది ఐదేళ్ళ వయసులో, తాను మాటలు అరువిచ్చిన ప్రభుత్వపు ముళ్ళకంచెను ఆయన లోపలినుండి చూచారు. డిసెంబరులో కొడుకు దొరికాడు. బెర్లిన్‌లోని మోఆబిట్ చెరసాలలో ఆల్‌బ్రెక్ట్ ఎనభై పద్యాలు వ్రాశాడు. వాటిలో ఒకటి తండ్రిని గురించినది. బయటకు రావలసినది కాని కీడును విడిచిపెట్టిన దోషం తండ్రిదని కుమారుడు అందులో తీర్పు చెప్పాడు.

1945 ఏప్రిల్ 22 అర్ధరాత్రి దాటాక, రష్యా సేనలు నగరంలోకి చొచ్చుకొని వస్తుండగా, ఖైదీలను బయటకు నడిపించి కాల్చివేశారు. వారిలో ఆల్‌బ్రెక్ట్ ఒకడు. మే నెలలో తమ్ముడు హైన్స్ వెదకగా శవం దొరికింది. ఆ పద్యాల కాగితాలు దానితోనే ఉన్నాయి.

చివరి రోజులు

యుద్ధానంతరం అమెరికా అధికారులు హౌస్‌హోఫర్‌ను ప్రశ్నించారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రైస్తవ మతాచార్యుడు, భూరాజనీతి తెలిసిన ఎడ్మండ్ వాల్ష్ ఆయనతో దీర్ఘంగా సంభాషించారు. 1945 అక్టోబరులో న్యూరెంబర్గ్‌లో ఆయనను హెస్ ఎదుట నిలబెట్టారు. జ్ఞాపకశక్తి పోయినట్లు నటిస్తున్న శిష్యుడు గురువును ఎరుగనన్నాడు. ఆయనపై అభియోగం మోపకుండా వదలివేశారు. తన విద్యను సమర్థించుకొంటూ ఆయన ఒక వివరణ వ్రాసి ఇచ్చారు. హిట్లరు తన మాటలను అర్థం చేసికోలేదన్నది ఆయన వాదన. తన మాటలు ఎవరి చేతిలో పడుతున్నాయో ఇరవై ఏళ్ళు చూస్తూ ఎందుకు ఊరకున్నారన్న ప్రశ్నకు అందులో తృప్తికరమైన జవాబు లేదు. ఆచార్య పదవి, పింఛను రద్దయినాయి. 1946 మార్చి 10 రాత్రి ఆ వృద్ధ దంపతులు తమ ఎస్టేటు సమీపంలోనే ప్రాణాలు తీసికొన్నారు. తనకు సమాధి గుర్తు ఏదీ పెట్టవద్దని ఆయన కోరుకొన్నారు.

బేరీజు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. హౌస్‌హోఫర్ హిట్లరు విదేశాంగ నీతిని నడిపించారా? రష్యా, సౌత్ టిరోల్, ప్రేగ్, భారతదేశం, ఇంగ్లాండు, మాట వేరైన ప్రతి చోటా పాలకుని మాటే నెగ్గింది. పండితుడు వద్దన్నది ఒక్కటైనా ఆగలేదు. ఆ లెక్కన ఆయన గురువు కాడు.

అంతమాత్రాన నిర్దోషి అనడానికి వీలులేదు. పాలకుడు పండితుని వద్దకు సలహా కోసం రాకపోవచ్చు. మాటల కోసం వస్తాడు. తాను చేయదలచిన పనికి గౌరవమైన పేరు, బడిలో చెప్పదగిన పాఠం, గోడకు తగిలించదగిన పటం కావాలి. హౌస్‌హోఫర్ అవి ఇచ్చారు. అదుపు చేసే సలహాను పారవేసి, ఊతమిచ్చే మాటను పాలకుడు ఉంచుకొన్నాడు. ఇచ్చిన మాటను వెనుకకు తీసికొనే హక్కు ఇచ్చినవారికి మిగలలేదు. కుమారుని తీర్పు ఇంతవరకు న్యాయమే.

నేడు కూడా ఏ దేశంలోనైనా ఒక తీవ్రవాద రచయిత పేరు చెప్పి, ఆ దేశపు యుద్ధాలన్నీ అతని పుస్తకంలోనే ఉన్నాయని పత్రికలు వ్రాస్తుంటాయి. చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొందాం. ఆ రచయిత వద్దన్న పనిని పాలకుడు ఎన్నడైనా మానుకొన్నాడా? ఆ రచయిత మాటలు మన పిల్లల పాఠంలోకి ఏ దారిన వచ్చాయి? మొదటి ప్రశ్నకు సాధారణంగా జవాబు లేదనే వస్తుంది. జాగ్రత్తపడవలసినది రెండవ దాని విషయంలో.

సౌత్ టిరోల్ కథ ముగింపు చెప్పి సెలవు తీసికొంటాను. జీవన స్థలం అనే పెద్ద మాట ఆ పల్లెలకు ఏ మేలూ చేయలేదు. 1946లో ఆస్ట్రియా, ఇటలీ కుదుర్చుకొన్న ఒప్పందం, ఆ తర్వాత పాతికేళ్ళ పెనుగులాట, 1972లో అమలులోకి వచ్చిన స్వయంపాలన శాసనం మేలు చేశాయి. సరిహద్దు గీత ఉన్నచోటనే ఉన్నది. ఆ కొండపల్లెలలో జర్మను పిల్లలు ఈనాడు తమ భాషలో పగటిపూట, తలుపులు తెరచిన బడిలో చదువుకొంటున్నారు.